గ్రీన్ కరెంటు మంచిదే, కానీ మన కొండ మీద ఎవరిని అడిగి?

పోస్ట్ కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

గ్రూపులో ఈ మధ్య రెండు మాటలు వినబడుతున్నాయి. "ఏ ప్రాజెక్టూ వద్దు" అని కొందరు. "అన్నిటికీ వద్దంటే మనకు ఉద్యోగాలు ఎక్కడివి" అని ఇంకొందరు. నాకైతే రెండింట్లోనూ కొంత నిజం కనబడుతోంది.

ముందు విషయం ఏంటో చూద్దాం. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొన్ని పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులకు ఆమోదం ఇచ్చింది. కంపెనీ అదానీ గ్రీన్ ఎనర్జీ. వాటిలో గండికోట కడపలో ఉంది. పెదకోట, కురుకుట్టి, కర్రివలస మన్యం వైపువే. ఇవి కాక చింతపల్లి, కొయ్యూరు వైపు ఎర్రవరంలో ఇంకో కంపెనీది. అక్కడి మనోళ్ళు ఊరేగింపులు తీశారు, ధర్నాలు చేశారు.

పంప్డ్ స్టోరేజీ అంటే కొండ పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు సోలార్ కరెంటు మిగిలినప్పుడు నీళ్ళు పైకి తోడతారు. సాయంత్రం అందరూ ఒకేసారి స్విచ్ వేసేటప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. నాలుగు యూనిట్లు ఖర్చు పెడితే మూడు, మూడుకు కాస్త పైన తిరిగొస్తాయి. అంటే ఇది కరెంటు పుట్టించే ప్రాజెక్టు కాదు, దాచిపెట్టే డబ్బా లాంటిది. సూర్యుడు రాత్రి ఉండడు కాబట్టి ఆ డబ్బా అవసరమే. అది నేను ఒప్పుకుంటా.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. గ్రీన్ కరెంటు వద్దంటే దాని బదులు వచ్చేది బొగ్గు కరెంటు. ఆ బొగ్గు ఎక్కడుంది? మణుగూరు, ఇల్లందు, కొత్తగూడెం, అంటే మన నేల కిందే. ఓపెన్‌కాస్టు పక్క ఊళ్ళ బావులు, ఇళ్ళ గోడలు ఎట్లుంటాయో అక్కడి నుంచి వచ్చిన మిత్రులకు నేను చెప్పక్కర్లేదు. వానలు తప్పి పోడు పంట పోతే మొదట దెబ్బ తినేదీ మనమే. అందుకే "గ్రీన్ అంతా మోసం" అనే మాటతో నేను లేను.

కానీ లెక్క రెండు వైపులా చూడాలి కదా. కొండ మీద చెరువు కడితే అడవి పోతుంది, దాంతో ఊటలు, గెడ్డలు దెబ్బతింటాయి. కాఫీ, మిరియాలు, పసుపు, కందులు, సామలు అన్నీ ఆ తడి మీదే బతుకుతున్నాయి. ఉద్యోగాల సంగతికొస్తే, కట్టే నాలుగైదేళ్ళు కూలి పని దొరుకుతుంది. తర్వాత నడిపేది కొద్దిమందే, వాళ్ళు డిప్లొమా, బీటెక్ చదివినోళ్ళు. మన ఊళ్ళలో అట్లాంటి వాళ్ళు ఎంతమంది? మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదటిదాన్ని.

మాది చింతూరు వైపు. మా నాన్న పుట్టకముందే మా పొలాల మీదుగా హైటెన్షన్ టవర్లు వెళ్ళాయి. మా ఇంటికి బల్బు మాత్రం నేను మూడో తరగతిలో ఉండగా వెలిగింది. ఇప్పుడు ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంటే ఆ వెలుతురు నాచారంలో మా హాస్టల్ డాబా మీదికి కనబడుతుంది. కరెంటు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఖర్చవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

చట్టం మన వైపు ఉంది. పెదకోట ఉన్న అనంతగిరి మండలంలోనే ఒకప్పుడు బొర్రా దగ్గర గనుల లీజుల మీద గొడవ జరిగింది. అదే సమత కేసు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. తీర్పు గనుల మీద వచ్చిందే, కానీ దానికి ఆధారం మన 1/70 చట్టం. గనికి వర్తించిన మాట చెరువుకు ఎందుకు వర్తించదని మనం అడగాలి. 1996 పీసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, 2013 భూసేకరణ చట్టంలోనూ గ్రామసభ సమ్మతి అనే మాట ఉంది.

ఇది మన ఒక్కళ్ళ కథ కాదు. నార్వేలో ఫోసెన్ అనే చోట 151 గాలిమరలు పెట్టారు. అక్కడ రెయిన్‌డీర్లు మేపుకునే సామీ ఆదివాసులు కోర్టుకెళ్ళారు. 2021 అక్టోబర్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు వాళ్ళ హక్కులకు భంగం జరిగిందని తేల్చింది. అప్పటికే మరలు తిరుగుతున్నాయి, తీర్పు తర్వాతా ఆగలేదు. 2023లో సామీ యువత మంత్రిత్వ శాఖల ముందు బైఠాయించాల్సి వచ్చింది. అందుకే కట్టకముందే అడగాలి.

"అయితే సముద్రంలో పెట్టుకోమను" అని ఒక అన్న రాశాడు. 1991లోనే డెన్మార్క్ సముద్రంలో 11 మరలు పెట్టింది. మన కేంద్రం కూడా 2024 జూన్‌లో గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున పెట్టడానికి 7,453 కోట్ల పథకం ఆమోదించింది. అక్కడ ఊరు మునగదు, అడవి పోదు. కానీ వల వేసే చోటు పోతుంది, స్తంభాలు దించే మోతకు సముద్ర జీవాలు చెదురుతాయి. మన బాధని మత్స్యకారుల నెత్తిన పెట్టి మనం గెలిచామనుకోవడం న్యాయం కాదు. వాళ్ళనూ అడగాల్సిందే.

నా అభిప్రాయం ఏంటంటే, దీనికి ఒక వరస ఉండాలి. మొదట నాచారం ఇండస్ట్రియల్ ఏరియా షెడ్లు, సిటీలో డాబాలు, ఆఫీసుల కప్పులు. కరెంటు వాడేవాడి నెత్తి మీదే సోలార్ పెట్టాలి. రాత్రికి దాచడానికి ఇప్పటికే కట్టి ఉన్న శ్రీశైలం ఎడమగట్టు, నాగార్జునసాగర్ రివర్సిబుల్ టర్బైన్లను పూర్తిగా వాడాలి, బ్యాటరీలు పెంచాలి. తర్వాత సముద్రం. కొండ చివరన. అదీ గ్రామసభ మన భాషలో విని, ఒప్పుకుంటేనే. ఒప్పుకున్నా ఒకసారి ఇచ్చే నష్టపరిహారంతో సరిపెట్టొద్దు, ప్రతి ఏడాది ఆదాయంలో వాటా కావాలి. సమత తీర్పులోనే లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలనే మాట ఉంది.

మనం చేయగలిగింది ఉంది. ఇంజనీరింగ్ వాళ్ళు ప్రాజెక్టు రిపోర్టులు తీసి ఎంత అడవి, ఎంత నీరు అనేది ఒక పేజీలో రాయండి. లా చదివేవాళ్ళు ఆర్టీఐ వేయండి. మిగతా మనం ఆ పేజీని కోయ, కువి, కొండదొర భాషల్లో చెప్పి వాయిస్ మెసేజ్‌లు పంపుదాం. సెలవులకు ఊరెళ్ళినప్పుడు గ్రామసభ తీర్మానాల పుస్తకం అడిగి చూడండి. మన పెద్దల వేలిముద్ర దేనికి పడిందో మనం చదివి చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ఒప్పుకోని వాళ్ళు కామెంట్లలో రాయండి, తిట్టకుండా మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.