పాత కారుకు పరీక్ష అక్కరలేదా?

మొన్న తొమ్మిదో తరగతిలో గతిశక్తి పాఠం చెబుతూ మా తమ్ముడి పాతకారు సంగతి ఎత్తాను. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. చివరి బెంచీలో కూర్చునే కుర్రవాడొకడు, "నలభై ఆరేళ్ళ కారులో అంత దూరం ఎలా వెళ్ళారు మాస్టారూ? భయం వెయ్యలేదా?" అని అడిగాడు. వేసింది. ఎందుకు వేసిందో ఆ రోజు పూర్తిగా చెప్పడానికి వ్యవధి లేకపోయింది. ఆ కుర్రవాడికీ, వాడితోపాటు మీకందరికీ ఇక్కడ చెబుతాను. ఈ విషయంలో నాకొక గట్టి అభిప్రాయం ఉంది. మీరు ఒప్పుకోకపోతే వాదించవచ్చు.

మా తమ్ముడు ఇంగ్లండులో, లండన్‌కు దగ్గరలో ఉద్యోగం చేస్తున్నాడు. 2018 వేసవి సెలవుల్లో నేను అక్కడికి వెళ్ళాను. వాడికి 1972లో తయారైన ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కారు ఉంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్‌డన్ అనే చిన్న ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా ఈ రకం కార్లు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఇద్దరు కూర్చునే చోటు, మడిచి వెనక్కి తోసే గుడ్డ కప్పు, 1798 ఘనపు సెంటీమీటర్ల ఇంజను, నాలుగు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. బానెట్ ఎత్తితే ఏది ఏమిటో పదో తరగతి పిల్లవాడికైనా తెలిసిపోతుంది. ఆ కారులో స్కాట్లండు పడమటి తీరానికి, వెయ్యి కిలోమీటర్లకు పైగా, వెళ్ళాలన్నది తమ్ముడి ముచ్చట.

"కారును ఎప్పుడు పరీక్ష చేయించావురా?" అని అడిగాను.

"అక్కరలేదన్నయ్యా! ప్రభుత్వమే వద్దంది" అన్నాడు.

నిజమే. ఆ దేశంలో కార్లకు ఏటేటా జరిగే తనిఖీ నుంచి, నలభై ఏళ్ళు దాటి, పెద్దగా మార్పులు చేయని బండ్లకు 2018 మే 20 నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇలాంటి బండ్లు కొద్దిగా ఉన్నాయనీ, యజమానులు వాటిని కన్నబిడ్డల్లా చూసుకుంటారనీ, అవి నడిచే దూరం కూడా తక్కువేననీ వారి వాదన. బండిని రోడ్డుకు తగినట్లు ఉంచే బాధ్యత మాత్రం యజమానిదే.

నా మటుకు నాకు ఈ వాదన సగమే సబబుగా తోస్తుంది. నడవని బండి అరగదన్న మాట నిజం. కాని నడవకపోయినా ముసలిదవుతుంది. పెట్టెలో దాచిన రబ్బరు బ్యాండు ఏడాది తరువాత తీసి లాగి చూడండి. మీరు దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. అయినా పుటుక్కున తెగుతుంది. రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులను గాలిలోని ఆక్సిజన్, అంతకంటే ఎక్కువగా ఓజోన్ తెంపుతూ ఉంటాయి. షెడ్డులో పదకొండు నెలలు నిద్రపోయి, పన్నెండో నెలలో ఒక్కసారిగా వెయ్యి కిలోమీటర్లు పరుగెత్తే కారు, రోజూ నడిచే కారు కంటే ఎక్కువ అనుమానించదగినది.

అందుకే ముందు టైర్ల దగ్గర కూర్చున్నాను. గాళ్ళు లోతుగా, కొత్తవాటిలాగే ఉన్నాయి. "చూడు, అరగనేలేదు!" అన్నాడు తమ్ముడు. కాని టైరు పక్క గోడమీద నాలుగంకెల సంఖ్య ఒకటుంటుంది. మొదటి రెండంకెలు వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. ఆ టైరు మీద 2303 అని ఉంది. అంటే 2003లో 23వ వారంలో పుట్టిందన్నమాట. దానికి పదిహేనేళ్ళు! వేలితో నొక్కి వంచితే పక్క గోడలో వెంట్రుక వాసి బీటలు కనిపించాయి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే టైరు ప్రతి చుట్టులోనూ రోడ్డును తాకినచోట ఒకసారి నలిగి మళ్ళీ సాగుతుంది. సెకనుకు పద్నాలుగు, పదిహేను సార్లు. ఆ బీటలు అలా ఎంతసేపని ఓర్చుకుంటాయి? మా ఇద్దరికీ కొంచెం మాటా మాటా అయింది. చివరకు నాలుగు టైర్లూ మార్చాడు. (2000 సంవత్సరానికి ముందు మూడంకెలే వేసేవారు. మూడంకెలు కనిపిస్తే ఇక ఆలోచించనక్కరలేదు.) మీ ఇంట్లో స్కూటరుంటే ఈ సాయంత్రమే ఆ సంఖ్య వెతకండి.

తరువాత బ్రేకు నూనె. పేరుకు నూనె అంటాం గాని, మామూలుగా వాడేది గ్లైకాల్ సంబంధమైన ద్రవం. దీనికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సాధారణంగా వాడే ఒక రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెంటిగ్రేడు దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరిందంటే 155 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఏమవుతుంది? ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, అందుకే మీ పాదం ఇచ్చిన ఒత్తిడి చక్రం దాకా చేరుతుంది. ఇది పాస్కల్ నియమం. ఆవిరి అలా కాదు. నొక్కితే నలుగుతుంది. పెడలు నేలకంటుతుంది, కారు మాత్రం ఆగదు. ఆ ద్రవం ఎప్పుడు మార్చావని అడిగితే, కారు కొన్నప్పటినుంచి మార్చిన గుర్తు లేదన్నాడు మావాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం సంగతి ఇక్కడ వద్దు లెండి.

ఇన్ని చేసినా ఒకటి వదిలేశాం. ఫ్యాను బెల్టు బిగువు చూడలేదు. నేను మరిచాను, వాడూ మరిచాడు. బర్మింగ్‌హామ్ దాటాక పెద్ద రోడ్డు మీద కార్లన్నీ బారులు తీరి ఆగిపోయాయి. జులై ఎండ. కారు పరుగెత్తుతున్నప్పుడు ఎదురుగాలి రేడియేటరును చల్లబరుస్తుంది. నిలబడినప్పుడు ఫ్యానే దిక్కు. ఆ ఫ్యానును తిప్పేది ఇంజనే కనుక, ఇంజను నెమ్మదిగా తిరిగితే ఫ్యానూ నెమ్మదిస్తుంది. పైగా బెల్టు వదులు. ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పాకింది.

"హీటరు వెయ్యి" అన్నాను. ఈ ఎండలో హీటరా అని తమ్ముడు నావైపు వెర్రిగా చూశాడు. కారులో హీటరంటే ఇంజను వేడినీళ్ళు ప్రవహించే చిన్న రేడియేటరే. దాన్ని వేస్తే ఇంజను వేడిలో కొంత మన కాళ్ళమీదికి వస్తుంది. మాకు ఉడికింది, ఇంజను బతికింది. తరువాత పక్కన ఆపి దిగగానే వాడు గుడ్డ తీసుకుని రేడియేటరు మూత మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆ చెయ్యి పట్టుకుని లాగాను.

ఎందుకంటారా? నేను పదో తరగతిలో ఉండగా మా కుటుంబమంతా శ్రీశైలం పోతూ ఘాటురోడ్డులో ఆగాం. ఇంజను వేడెక్కింది. అద్దెకారు డ్రైవరు తొందరపడి మూత తిప్పాడు. ఆయన ముఖం, మెడ కాలిపోయాయి. ఆ కేక నాకింకా వినిపిస్తుంది. ఇలాంటి రేడియేటరు మూత స్ప్రింగు బలంతో లోపల వాతావరణ పీడనం కంటే సుమారు 0.7 వంతు అదనపు పీడనాన్ని నిలబెడుతుంది. ఆ పీడనం దగ్గర నీరు 115 డిగ్రీలదాకా మరగకుండా ఉంటుంది. మీ అమ్మగారి ప్రెషర్ కుక్కరూ ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. మూత తీయగానే పీడనం పడిపోతుంది, 100 డిగ్రీలు దాటి ఉన్న నీరంతా ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. మేము ముప్పావుగంట గడ్డిమీద కూర్చున్నాం. తరువాత నీళ్ళు పోసి, బెల్టు బిగించి, కదిలాం. బిగించడానికి రెండు పానాలు చాలాయి. పాత యంత్రంలో నాకు నచ్చే గుణమిదే. దాని జబ్బు కంటికీ, ముక్కుకూ, చెవికీ తెలుస్తుంది. మందు కూడా మన చేతిలోనే ఉంటుంది. ఫ్యాక్టరీ మూతపడిన తరువాత కూడా, 1988లో, ఈ కార్లకు కొత్త బాడీలు చేయడం ఇంగ్లండులో మొదలుపెట్టారు. ఇంత చక్కగా బాగుచేసుకోగల వస్తువును పారేయడం నాకిష్టం లేదు.

అయితే పాతదాన్ని పూజించడం కూడా ఇష్టం లేదు. "అప్పటి ఇనుము వేరండీ, ఇప్పటివన్నీ రేకు డబ్బాలు" అనే పెద్దలు మీ ఊళ్ళోనూ ఉంటారు. 2009లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. 1959 నాటి షెవ్రొలే బెల్ ఎయిర్ కారునూ, అదే కంపెనీ 2009 మాలిబు కారునూ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొట్టించారు. పాతకారులో డ్రైవరు కూర్చునే చోటు నుజ్జయింది. కొత్తకారు ముందుభాగం నలిగింది గాని, డ్రైవరు చోటు నిలిచింది. నలగడమే దాని విద్య! ఆగడానికి పట్టే కాలం పెరిగితే మనిషిమీద పడే బలం తగ్గుతుంది. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు మీరు చేతులు వెనక్కి తీసుకోరూ? తమ్ముడి కారుకు ఆ విద్య అంతగా రాదు. అందుకే దారిపొడవునా ముందు లారీకీ మాకూ మధ్య చాలా దూరం వదలమని పోరుపెట్టాను.

ఇంకొకటి. ఆ కారు పుట్టిననాటి పెట్రోలులో సీసం కలిసి ఉండేది. 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టిన ఆ మందు ఇంజను తట్టుడును ఆపేది, కవాటాలు కూర్చునే చోటును అరగకుండా కాపాడేది. పొగతోపాటు పిల్లల రక్తంలోకీ, మెదడులోకీ చేరేది. మనదేశం 2000లో దాన్ని మానింది. ప్రపంచంలో కార్లకు దాన్ని చిట్టచివరిదాకా వాడిన అల్జీరియా 2021లో ఆపింది. సీసం లేని పెట్రోలుకు తట్టుకునేలా తమ్ముడి కారులో గట్టి కవాట పీఠాలు వేయించారు. కాని పొగను శుద్ధిచేసే పరికరం మాత్రం లేదు. ఈ లోపానికి నా దగ్గర సమాధానం లేదు. ఏడాదికొక ప్రయాణం అంటే సరేనంటాను. రోజూ ఆఫీసుకు అదే కారులో పోతానంటే ఒప్పుకోను.

ఇప్పుడు నా అభిప్రాయం వినండి. ఇంగ్లండులో నలభై దాటితే పరీక్ష వద్దన్నారు. ఢిల్లీ ప్రాంతంలో పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లు, పదేళ్ళు దాటిన డీజిలు బండ్లు తిరగరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడి గాలి అంతగా చెడింది కనుక ఆ తొందరను నేను అర్థం చేసుకోగలను. అయినా రెండుచోట్లా కొలిచింది వయసునే. అయిదేళ్ళ బండి నల్లపొగ చిమ్మవచ్చు. యాభై ఏళ్ళ బండి బ్రేకులు భేషుగ్గా ఉండవచ్చు. ముల్లును, పొగను, టైరును, ద్రవాన్ని పరీక్షించి చూడాలిగాని పుట్టిన తేదీ చూసి బండిని నెత్తికెత్తుకోవడమో, తుక్కులో వేయడమో శాస్త్రం కాదు. పరీక్షలంటే మీకు గిట్టదని నాకు తెలుసు. కాని కారుకు మాత్రం ఏటేటా పరీక్ష ఉండవలసిందే, దూరప్రయాణానికి ముందు ఇంకొకటి ఉండవలసిందే.

చివరి రోజు సంగతి చెప్పి ముగిస్తాను. యాపిల్‌క్రాస్ అనే తీరగ్రామానికి పోవాలంటే బెలాఖ్ నా బా అనే కనుమ దాటాలి. ఆ మాటకు వారి భాషలో పశువుల కనుమ అని అర్థమట. సముద్రమట్టం నుంచి 626 మీటర్లు ఎక్కి, మళ్ళీ సముద్రం దాకా దిగాలి. పైన తమ్ముడు గేరు తీసి న్యూట్రల్‌లో దింపబోయాడు. పెట్రోలు మిగులుతుందట! మన ఘాటురోడ్లమీద కూడా ఈ పాడు అలవాటు చూస్తూనే ఉంటాం.

ఆ కనుమ అంచున కారు ఆపించి లెక్క చేయించాను. మేమిద్దరం, సామాను, పెట్రోలు కలిపి కారు ద్రవ్యరాశి 1150 కిలోలనుకోండి. దాన్ని 9.8తో, 626తో గుణిస్తే సుమారు 70 లక్షల జౌళ్ళ స్థితిజశక్తి. కింద ఆగేసరికి ఇదంతా ఎక్కడికో పోవాలి. గాలి, రోడ్డు కొంత తీసుకుంటాయి. గేరు లేకపోతే మిగిలినదంతా బ్రేకులదే. రెండో గేరులో ఉంచితే చక్రాలే ఇంజనును తిప్పవలసి వస్తుంది, ఆ శ్రమలో చాలా భాగం ఇంజను మింగుతుంది. 1888లో బెర్తా బెంజ్ అనే ఆవిడ మొట్టమొదటి మోటారు దూరప్రయాణం చేసినప్పుడు, పల్లాల్లో బ్రేకులు అరిగిపోయి, దారిలో చెప్పులు కుట్టేవాడిచేత తోలు తొడిగించుకుంది. అప్పటినుంచీ పల్లమే అసలు పరీక్ష.

రెండో గేరులోనే దిగాం. మలుపు మలుపుకీ బ్రేకు నొక్కి వదులుతూ, నొక్కి వదులుతూ. కింద సముద్రం ఒడ్డున కారు ఆపాక, సీసాలోంచి ఒక్క చుక్క నీరు ముందుచక్రం బ్రేకు పళ్ళెం అంచుమీద వేశాను. చుయ్యిమంది.

"అంత జాగ్రత్తగా దిగినా ఇంత వేడా?" అన్నాడు తమ్ముడు.

"ఆ 70 లక్షల జౌళ్ళూ నీళ్ళకిస్తే, 30 డిగ్రీల నీళ్ళు ఎన్ని లీటర్లు 100 డిగ్రీలకు చేరతాయో చెప్పు" అన్నాను.

వాడు కాగితం తీసుకుని మూడుసార్లు తప్పు చేశాడు. నాలుగోసారి ఇరవైనాలుగు లీటర్లని వచ్చింది. అంటే రెండు బిందెలు.