ఇంజిన్ మారినా ఏసీ ఉండాల్సిందే

మా మామయ్య పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ తీసేసి, 1817 సీసీ ఇసుజు ఇంజిన్ వేయిస్తున్నారు మావారు. ఆర్టీఓ అనుమతి కూడా తీసుకున్నారు. "కంప్రెసర్ పట్టదట, ఏసీ వదిలేద్దాం" అన్నారు. నేను ససేమిరా అన్నాను.

మే ఎండలో వరంగల్ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 150 కిలోమీటర్లు. పికప్ సంబరం ముందు సీటుకి, చెమటలు వెనక సీట్లో అత్తమ్మకీ పిల్లలకీ! ఏసీ సోకు కాదండీ.

కొత్త ఇంజిన్‌కి తగ్గ బ్రాకెట్ చేయించి, బెల్టు వంకర పోకుండా కంప్రెసర్ బిగించాలి. కండెన్సర్ మీదుగా వచ్చే వేడిగాలి రేడియేటర్‌కే తగులుతుంది కాబట్టి పెద్ద రేడియేటర్, మంచి ఫ్యాన్ కావాలి. ఇంజిన్ ఎక్కించకముందే ఇవన్నీ మాట్లాడుకోవాలి. తర్వాతైతే మళ్ళీ విప్పాలి, మళ్ళీ ఖర్చు. ఖర్చయ్యేది ఇంటి డబ్బే కదా, వెనక సీటు మాట కూడా వినాలి.