ఎరుక గల సేద్యము

2016 లో బొంరాస్‌పేట మహబూబునగరము జిల్లానుండి వికారాబాదు జిల్లాలోనికి వచ్చినది. జిల్లా మాఱినను నేల మాఱలేదు. మాఱుచున్నది ఆ నేలను జూచు మన చూపు. పూర్వము కంది సాళ్ల నడుమ జొన్నయు, పెసరయు, మినుమును పెరుగుచుండెడివి. గింజ యింటికిని, చొప్ప పశువునకును, రాలిన కందియాకు నేలకును దక్కుచుండెను. నేడు పలు చేల నొక్క పత్తియే యాక్రమించుచున్నది.

తాండూరు కందికి 2022 లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇది మనకు గర్వకారణమే. కాని గుర్తింపు పంటకు వెల దెచ్చును గాని నేలకు బలము దేజాలదు. కంది తన వేళ్ల బొడిపెలలో గాలిలోని నత్రజనిని నిలిపి భూమికి ఋణము దీర్చుకొనుచున్నది. భూమివలన బ్రదుకు మనము ఏమి తీర్చుచున్నాము? ఈ ప్రశ్న బజారు ధర నడుగునది కాదు. ఎవరి మనస్సును వారే యడుగుకొనవలసినది. దీనినే పెద్దలు ఎరుక యనిరి.

పొట్ట గడవని రైతునకు ఆత్మవిచార మెక్కడిదని కొంద ఱాక్షేపింపవచ్చును. ఇచటికి ఉత్తరముగ, జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరులో దీనికి సమాధానము గలదు. 1983 లో ఏర్పడిన దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘములలోని స్త్రీలు పెక్కుమంది బీద దళిత స్త్రీలు. బీళ్లను సాగునకు దెచ్చుటకై యిచ్చిన యప్పును ధాన్యరూపమున దీర్పించి, ఆ జొన్నలను ఊరి నిరుపేదలకు చౌకగా నమ్మిరి. మిక్కిలి పేద లెవరో పై యధికారి నిర్ణయింపలేదు. ఊరివారే కలసి కూర్చుండి తేల్చిరి. నీరు పెట్టక, ఎరువులు మందులు వేయక, శీతకాలపు మంచు చెమ్మతో పండు పంటలకు వారు సత్యం పంటలని పేరిడిరి. 2019 లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఆ సంస్థకు ఈక్వేటరు బహుమానము నిచ్చిరి. ఏమియు లేనివారు చేయగలిగిన విచారమును కలిగినవారు చేయజాలమనుట సిగ్గుచేటు.

కావున మొదటి భారము భూస్వామిదియు, పట్టణవాసిదియు. కౌలునకు భూమి నిచ్చువారు రొక్కమునే లెక్కింపక, చేనిలో కొంత భాగము తిండిగింజలకును మిశ్రమ పంటకును విడువవలయును; అందువలని నష్టములో పాలు గొనవలయును. తెల్లబియ్యమే గౌరవమని తలచు పట్టణవాసి వారమున కొన్నిపూటలైన జొన్నరొట్టె తినవలయును. కొనువాడు లేనిదే పండించువాడు నిలువలేడు.

ప్రభుత్వము మద్దతు ధర యిచ్చుటయు, విత్తనము లందించుటయు అవశ్యకములే. కాని చాలునను మాట ఏ చట్టమును మన నోట బలికింపజాలదు. ఆ మాట ముందు మనలో పుట్టినగాని, మన బిడ్డలకు పండెడు నేల మిగులదు.