టెంక చెప్పు గోత్రము

చెట్టు కులగోత్రములు ఆకును చూచి చెప్పరాదని నా అభిప్రాయము. టెంకను అడుగవలెను.

మా రాజోలు తోటలలో కొబ్బరి, పోక పక్కపక్కనే పెరుగును, గట్లపై ఈత. మూడింటివీ ఈకవంటి ఆకులే. అయినను పీచు ఒలిచిన కొబ్బరికి మూడు కన్నులు. పోకకు అవి లేవు. ఈతగింజకు ఉన్నది పొడుగునా ఒక గాడి మాత్రమే. అట్టి ముక్కంటి టెంక గలది గోదావరి మెట్టలలో విరివిగా వేసిన ఆయిల్ పామ్. ఆఫ్రికా నుండి వచ్చిన ఆ చెట్టే కొబ్బరికి దాయాది, తరతరాల పొరుగైన పోక కాదు! వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెంటిని ఒకే తెగలో చేర్చుటకు ఆ కన్నులు ముఖ్యలక్షణము. (‘టెంకాయ’లో టెంక ఉన్నదనుకొనువారు కలరు. అది దక్షిణమను అర్థము గల ‘తెన్’ నుండి వచ్చినదని భాషావేత్తల మాట.)

కొబ్బరి అండాశయమునకు గదులు మూడు. గింజ ఎదుగునది ఒక్కదానిలోనే. అందుచేతనే ఒక కన్ను మెత్తన. మొలక అందుండియే వచ్చును. తాటిపండులోనైతే సాధారణముగా మూడు గదులూ పండి మూడు టెంకలగును.

ఆకారమనగా గుండ్రన, కోల అని మాత్రము లెక్కింపరాదు. కొబ్బరిలోనే రెండునూ కలవు. మామిడి రకములకు టెంకలు వేరైనను జాతి ఒక్కటే. 1788లో జర్మను పండితుడు గార్ట్నర్ పండ్లను, గింజలను కోసి చూచియే తన గ్రంథము వెలువరించెను.

మన బడులలోనో, ఆకుల పటములు గోడకు, టెంకలు పెంటకు! ఉపాధ్యాయ మిత్రులారా, బల్లపై నాలుగు టెంకలు పెట్టి ‘వీరిలో అన్నదమ్ములెవరు?’ అని పిల్లలను అడిగి చూడుడు.