వైన్ వేడుకల్లో కనిపించని హెచ్చరిక



స్పెయిన్ దేశపు నవార్రా ప్రాంతంలో ఇరాచే అనే ప్రాచీన మఠం ఉన్నది. శాంతియాగో పుణ్యక్షేత్రానికి కాలినడకన వెళ్ళే యాత్రికులు ఆ దారినే సాగుతారు. మఠం పక్కనున్న వైన్ తయారీ సంస్థ 1991లో తన గోడకు రెండు కుళాయిలు అమర్చింది. ఒకదానిలో నీరు, రెండవదానిలో ఎర్రని వైన్. రెండూ ఉచితమే! ఈ సంగతి వినగానే, వేసవిలో బాటసారుల కోసం మన ఊళ్ళలో వెలిసే చలివేంద్రాలు మీకు స్ఫురించి ఉంటాయి. దాహం తీర్చే చేతిని ఎవరు మాత్రం తప్పుపడతారు? ఆ గోడ వెనుక ఉన్న వ్యాపార సూక్ష్మం అదే.

ఇటువంటి విన్యాసాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఫ్రాన్సులోని బోజొలే ప్రాంతపు లేత వైన్‌ను కోత ముగిసిన కొద్ది వారాలకే సీసాలకెక్కించి, ఏటా నవంబరు మూడవ గురువారం నాడు పండుగలాగా విడుదల చేస్తారు. జపానులోని హకోనేలో ఒక స్నానవాటిక ఆ సందర్భంగా అదే వైన్ కలిపిన కొలనులో జనాన్ని జలకాలాడిస్తుంది. ‘నైన్టీన్ క్రైమ్స్’ అనే ఆస్ట్రేలియా వైన్ సీసాపై పూర్వకాలపు ఖైదీల బొమ్మలుంటాయి; ఆ బొమ్మకు ఫోన్ చూపితే ఖైదీ నోరు విప్పి మాట్లాడతాడు. మన దేశంలో నాసిక్‌లోని సూలా ద్రాక్షతోటలు 2008లో సంగీతోత్సవాన్ని ప్రారంభించాయి. అక్కడ సందర్శకులు తొట్టెలలోకి దిగి ద్రాక్షపండ్లను కాళ్ళతో తొక్కి, ఎర్రబడిన పాదాలను ఫోటోలు తీసుకుంటారు.

వీటిలో చమత్కారం లేదని నేను అనను. అయితే ఒక్క విషయం గమనించండి. మన దేశంలో టెలివిజన్‌లో మద్యం ప్రకటనలు నిషిద్ధం. ఫ్రాన్సు కూడా 1991 నాటి ఎవాఁ చట్టంతో వాటిని కట్టడి చేసింది. 2019 నుండి మన దేశంలో ప్రతి మద్యం సీసా మీద ‘మద్యపానం ఆరోగ్యానికి హానికరం’ అన్న అర్థం వచ్చే హెచ్చరిక తప్పనిసరి అయింది. కానీ వేడుకను చట్టం ప్రకటనగా లెక్కించదు. ఆ వేడుక గురించి పత్రికలో వచ్చిన వార్త ప్రకటన కాదు. మీ మేనకోడలు పంచుకున్న ఫోటో అంతకన్నా కాదు. కనుక వాటిలో దేని మీదా హెచ్చరిక ఉండదు. ప్రభుత్వం సీసా మీద అచ్చు వేయించిన ఒకే ఒక్క వాక్యాన్ని తప్పించుకోవడానికే ఇంత సృజనాత్మకత ఖర్చవుతున్నదని నా అభియోగం. ఆ ప్రచారానికి జీతం లేని పనివారు మనమే!

హెచ్చరిక ఎందుకు కావాలో లెక్క వేసి చూద్దాం. 12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్‌ను 150 మిల్లీలీటర్లు పోసుకుంటే, అందులో ఉండే ఇథనాల్ సుమారు 14 గ్రాములు. 5 శాతం ఆల్కహాల్ ఉన్న బీరు 330 మిల్లీలీటర్లలో సుమారు 13 గ్రాములు. మన దేశంలో సాధారణంగా అమ్మే 42.8 శాతం విస్కీ 45 మిల్లీలీటర్లలో సుమారు 15 గ్రాములు. ఈ మూడింటి మధ్య భేదం నాలుకకు తెలుస్తుందేమో గాని కాలేయానికి తెలియదు. ద్రాక్షతోటలోని సూర్యాస్తమయం దాని దాకా చేరదు. అది ఇథనాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఆ పదార్థం మన కణాలలోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. మద్య పానీయాలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మొదటి శ్రేణి క్యాన్సర్ కారకాలలో చేర్చింది. పొగాకు పొగ ఉన్న శ్రేణి కూడా అదే. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దప్రేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు మద్యంతో సంబంధం రుజువైంది. రొమ్ము క్యాన్సర్ విషయంలో కొద్దిపాటి తాగుడు కూడా ముప్పును పెంచుతుంది. ‘సున్నితమైన పానీయం’ అంటూ వైన్‌ను ముఖ్యంగా స్త్రీల ముందుకు తెస్తున్న ఈ రోజుల్లో ఈ మాట ఎంత బిగ్గరగా చెప్పినా తక్కువే.

“డాక్టరు గారూ, రెడ్ వైన్ గుండెకు మంచిదట కదా?” అని మీరు అడుగుతారు. 1991లో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం ఫ్రెంచివారి గుండె ఆరోగ్యానికి వైన్‌తో ముడిపెట్టిన నాటి నుండి ఈ నమ్మకం ప్రపంచమంతా పాకింది. వైన్‌లోని రెస్వెరట్రాల్ గురించి విస్తారంగా పరిశోధించిన ఒక ఆచార్యుడు తన ఫలితాలను కల్పించి రాశాడని కనెక్టికట్ విశ్వవిద్యాలయం 2012లో తేల్చింది. ఆ ఒక్కడి తప్పుకు శాస్త్రాన్నంతటినీ నిందించనక్కరలేదు. అయినా వైన్‌లో ఆ పదార్థం ఉండేది అత్యల్పం. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం, ఆరోగ్యానికి సురక్షితమైన మద్యం మోతాదంటూ లేదని ప్రకటించింది. ఐరోపాలో మద్యం వలన వచ్చే క్యాన్సర్లలో సగం, వారానికి ఒకటిన్నర లీటర్ల వైన్ కన్నా తక్కువ తాగే స్థాయిలోనే వస్తున్నాయని కూడా అది తెలిపింది. అంటే తాగుబోతులని మనం పిలవని వారిలోనన్నమాట.

ద్రాక్ష రైతు సంగతేమిటని మరికొందరు ప్రశ్నిస్తారు. 2022లో మహారాష్ట్ర ప్రభుత్వం సూపర్ మార్కెట్లలో వైన్ అమ్మకానికి అనుమతించాలని నిర్ణయించినప్పుడు ఈ వాదనే వినిపించింది. వైన్ అసలు మద్యమే కాదని వాదించిన నాయకులూ లేకపోలేదు. రైతు బాగుండాలి, సందేహం లేదు. కానీ నాసిక్ ద్రాక్షలో అత్యధిక భాగం తినే పండుగానే మార్కెట్‌కు వెళుతుంది. రైతును ముందు నిలబెట్టి వెనుక నుండి సీసాను జరపడం కూడా ఒక ప్రచార విన్యాసమే.

మన తెలుగునాట మద్యం దుకాణాన్ని ‘వైన్స్’ అంటారు. లోపల అమ్మేది ప్రధానంగా విస్కీ, బ్రాందీ, బీరు! ఒక మర్యాద గల పేరు ఎన్నింటికి ముసుగు కాగలదో చెప్పడానికి ఈ బోర్డు చాలు. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ సారా ప్యాకెట్టుకు సంగీతోత్సవం లేదు, చరిత్ర చెప్పే బొమ్మ లేదు. కనుక దాని నిజస్వరూపం వారికి సూటిగా కనిపించింది. ముస్తాబైన సీసా విషయంలో చదువుకున్న మనకు ఆ చూపు కరవవుతున్నది.

ద్రాక్షతోటకు వెళ్ళవద్దని నేను చెప్పను. పండ్లు తినండి, పాట వినండి. పిల్లలను వెంట తీసుకువెళితే, పెద్దలు గ్లాసు ఎత్తే వేళ వారు మీ ముఖాలనే చూస్తుంటారని మరువకండి. గర్భిణులు ఒక్క గుక్క కూడా ముట్టరాదు. కాలేయవ్యాధి ఉన్నవారికీ, మత్తు కలిగించే మందులు వాడుతున్నవారికీ ఇదే మాట. ఎవరైనా గ్లాసు అందిస్తూ ఆ సీసా కథ చెప్పబోతే, కథ తరువాత, ముందు ఇందులో ఇథనాల్ ఎన్ని గ్రాములో చెప్పమనండి. ఫోటో పంచుకోబోతున్నట్లయితే, సీసా మీది ఆ హెచ్చరిక వాక్యాన్ని దాని కింద మీరే రాయండి. ఆ తరువాత కూడా దానిని పంచుకోవాలనిపిస్తుందో లేదో చూడండి.