బంగారం లెక్క దొరికింది, మనిషి లెక్క దొరకలేదు

పోస్టు పొడుగుంటది. ఇయ్యాల శుక్రవారమే కదా, చాయ్ తాగుకుంట నిమ్మళంగా చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ ఆఖరి దాకా చదివినంకనే తిట్టండి.

మా రూంల తమ్ముడు ఒకడు ఓడల రిపేరు యార్డుల చనిపోయిండు. పేరు, ఊరు రాస్తలేను, వాళ్ళింటోళ్ళు వద్దన్నరు. ఓడ అడుగున నీళ్ళ ట్యాంకు ఉంటది చూడు, అందులకు తుప్పు గీకడానికి దిగిండు. దిగినోడు మళ్ళ పైకి రాలే. పైనుంచి పిలిస్తే పలకలేదని ఇద్దరు దిగి తాడు కట్టి గుంజిండ్రు. దవాఖాన కాగితం మీద ఏం రాసిండ్రంటే, గుండె ఆగింది, ఊపిరి ఆగింది, సహజ మరణం.

నేను ఒక్కటే అడిగిన. గుండె ఆగకుండ ఎవడన్న సస్తడా? పులి తిన్నా గుండె ఆగుతది, బావిల పడ్డా గుండె ఆగుతది. ఎందుకు ఆగింది అన్నది కదా రాయాల్సింది.

గీ మాటకు మన పెద్దమనిషి ఒకాయనకు కోపమొచ్చింది. "రాత గట్లున్నది, ఏం జేస్తం. నువ్వు గీ పంచాతులు పెడితే పెట్టె ఆగుతది. ఇంటికాడ పిల్లలు ఏడుస్తున్నరు. సంతకాలు పెట్టియ్యి" అన్నడు. అక్కడున్న నలుగురూ అవును అన్నరు. వాళ్ళు చెడ్డోళ్ళు కాదు, టికెట్టు పైసలకు చందాలు వేసినోళ్ళే. కానీ గీ మాట మా ఇంట్ల ఎనభై ఏండ్ల కిందనే విన్నరు. అప్పుడు విని ఊకున్నందుకు ఏమైందో చెప్తా.

మా దిక్కు "దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి" అంటరు గదా. అందులో మొదటిది నాది, నడిమిది మా తాత తండ్రిది. మగ్గం మీద పొట్ట నిండక, మిల్లుల పని దొరుకుతదని బొంబాయి పోయిండు. మిల్లుల పని దొరకలే. గోదీల ఓడల సరుకు మోసే కూలి దొరికింది. అప్పటికి మనది నిజాం రాజ్యం, బొంబాయి తెల్లోళ్ళది. మా తాతకు పన్నెండేండ్లు ఉన్నప్పుడు ఊరాయన ఒకడు బొంబాయి నుంచి వచ్చి, ఒక రుమాలు, ఒక ఇత్తడి గిలాస ఇచ్చి, "గోదీ పేలింది, మీ అయ్య కనిపిస్తలేడు" అన్నడట. పీనుగు లేదు, కాగితం లేదు, పైస లేదు. ఊళ్ళె పెద్దలు "రాత" అన్నరు. అంతటితో అయిపోయింది.

నా కొడుకు బడిల వంశవృక్షం రాసుకొని రమ్మన్నరట. "నాయినా, తాత తాత ఎట్ల చనిపోయిండు?" అని ఫోన్ల అడిగిండు. అప్పటి నుంచి వెతుకుతున్న. మా కులం పుట్టుక కూనపులోళ్ళు పటం పరిచి చెప్తరు, మార్కండేయుని దాకా పోతరు. మా ఇంటి మనిషి బొంబాయిల ఎట్ల పోయిండో మాత్రం ఏ పటంల లేదు.

పేలుడు సంగతి దొరకడం కష్టం కాలే. 1944 ఏప్రిల్ 14. విక్టోరియా డాకుల ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ. యుద్ధానికి సరుకు మోసే ఓడ. ఆ ఓడ పుట్టిన ఊరు తెలుసు, కెనడాల ప్రిన్స్ రూపర్ట్. పుట్టిన ఏడు తెలుసు, 1942. ఇంగ్లండ్‌ల బిర్కెన్‌హెడ్ నుంచి 1944 ఫిబ్రవరి 24న బయలుదేరి, కరాచీ మీదుగా ఏప్రిల్ 12న బొంబాయి చేరింది. కడుపుల దాదాపు 1,400 టన్నుల మందుగుండు. దాని మీదికెళ్ళి కరాచీల 8,700 బేళ్ళ పత్తి ఎక్కిచ్చిండ్రు. మందుగుండు పక్కన పత్తి! మన ఊళ్ళె పత్తి జిన్నింగు మిల్లుల అగ్గిపుల్ల గీస్తే తంతరు. చదువుకున్న దొరలు బాంబుల పక్కన పత్తి పెట్టిండ్రు.

మధ్యాహ్నం పొగ లేచింది. నాలుగు దాటినంక ఒక పేలుడు, అరగంటకు ఇంకోటి. పదికి పైగా ఓడలు పోయినయ్, అందుల రాయల్ ఇండియన్ నేవీ ఓడ ఎల్ హింద్ ఒకటి. సింధియా కంపెనీ జలపద్మ అనే ఓడను పేలుడు లేపి గట్టు మీద పడేసింది. 80,000 మందికి ఇండ్లు లేకుండ పోయినయ్. సైగాన్ రేడియో మరునాడే చెప్పింది గానీ, మన దేశంల సెన్సారు మే నెల రెండో వారం దాకా వార్త పోనియ్యలే. అంటే మా తాత ఇంట్ల వాళ్ళు ఇంకా ఉత్తరం కోసం ఎదురు చూస్తున్నరు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఓడల బంగారం గూడ ఉండె. ఎంత? 31 పెట్టెలు. విలువ 8,90,000 పౌండ్లు. పేలినప్పుడు ఒక కడ్డీ ఎగిరి దూరంగా ఒక ఇంటి కప్పు పగలగొట్టుకొని పడితే, ఆ ఇంటాయన నిజాయితీగా తెచ్చి ఇచ్చిండు. 1970లల గూడ గోదీల పూడిక తీస్తుంటే కడ్డీలు దొరికినయ్, దొరికినయ్ దొరికినట్టు బ్రిటన్‌కు అప్పజెప్పిండ్రు. ముప్పై ఏండ్లయినా ఆ లెక్క మర్చిపోలేదు.

మరి ఎంతమంది సచ్చిండ్రు? ఒక దగ్గర 800 అని ఉంటది, ఇంకో దగ్గర 1,300 అని ఉంటది. గీ రెండు లెక్కల నడుమ ఐదు వందల మంది మనుషులున్నరు. అందుల మా ముత్తాత ఉన్నడో, అసలు ఏ లెక్కలకూ రాలేదో నాకు తెల్వదు. మంట ఆర్పుతూ ప్రాణమిచ్చిన 66 మంది ఫైరోళ్ళకు బైకుళాల స్మారకం ఉంది, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా వాళ్ళను తలుచుకుంటది. తలుచుకోవాలె, దండం పెట్టాలె. రెండో ప్రపంచ యుద్ధంల సముద్రంల పోయిన మన నేవీ, వర్తక నౌకల సిబ్బంది పేర్లు ఆరు వేలకు పైగా యుద్ధ స్మారకం రికార్డుల ఉన్నయ్. వాళ్ళ పేర్లెందుకు ఉన్నయ్? వాళ్ళు రిజిస్టర్ల ఉన్నరు కాబట్టి. మా ముత్తాత పేరు నేను వెతికిన ఒక్క దాంట్ల గూడ దొరకలే. ఎందుకంటే ఆయన గోదీ మనిషి కాదు, టోలీవాలా మనిషి.

టోలీవాలా అంటే ముఠా మేస్త్రి. పొద్దుగాల గేటు కాడ మనుషులను ఏరుకొని లోపలికి తోలుకపోతడు, సాయంత్రం కూలి పంచుతడు. గోదీకి కూలీ పేరుతోని పని లేదు, తలకాయల లెక్క సాలు. అప్పటికి చట్టం లేదా అంటే ఉంది. పనిల చనిపోతే పరిహారం ఇయ్యాలని 1923ల చట్టం చేసి 1924 నుంచి అమలు చేసిండ్రు. గోదీ కూలీల భద్రతకు 1934ల ఇంకో చట్టం చేసిండ్రు, దాన్ని అమలుల పెట్టింది మాత్రం 1948ల. పద్నాలుగేండ్లు కాగితం మీదనే పండింది, ఆ నడుమనే గోదీ పేలింది. గోదీ కూలీల పేర్లు రిజిస్టరు చేసి పని ఇయ్యాలన్న చట్టం గూడ 1948లనే వచ్చింది. మా ముత్తాత దానికి నాలుగేండ్లు ముందు పోయిండు.

ఇంకో విచిత్రం చూడండి. 1860ల మద్రాసు నుంచి ట్రూరో ఓడల నాటల్ చెరుకు తోటలకు పోయిన గిర్మిట్ కూలీల రికార్డుల్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఒంటి మీద మచ్చ గూడ రాసిండ్రు. వాళ్ళ మునిమనవలు ఇయ్యాల ఆ కాగితం పట్టుకొని ఆంధ్రల, తమిళనాడుల ఊరు వెతుక్కుంట వస్తున్నరు. ప్రేమతోని రాసిండ్రా? కాదు. ఐదేండ్లు పని చేయించుకోవాలె, పారిపోతే పట్టుకోవాలె, అందుకు రాసిండ్రు. మనిషి పారిపోతే నష్టమున్న దగ్గర కాగితం ఉన్నది. మనిషి సస్తే పైసలు ఇయ్యాల్సి వచ్చే దగ్గర కాగితం లేకుండ పోయింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. సప్లై కంపెనీ అంటే ఏంది? ఆజాద్ వీసా అంటే ఏంది? ఏసీ బస్సు ఎక్కిన టోలీవాలా కాదా? యార్డు ఒకరిది, కాంట్రాక్టు ఇంకొకరిది, ఇకామా మూడో మనిషిది. ఇకామా మీద ఇంటి పనివాడు అని ఉంటది, మనిషేమో ట్యాంకుల గ్రైండరు పట్టుకొని ఉంటడు. విదేశీ కార్మికులకు గూడ పని ప్రమాదాల బీమా కింద గోసికి జీతంల 2 శాతం యజమానే కట్టాలె, మన జీతంల కోయొద్దు. కానీ ఇంటి పని ఇకామా వాళ్ళు ఆ లెక్కలకు రారు. ఆజాద్ వీసా మంచిదని, ఎక్కువ సంపాదించుకోవచ్చని మనోళ్ళకు అంటగట్టే మనోళ్ళే ఉన్నరు. వాళ్ళతోనే నా కొట్లాట. నువ్వు అమ్ముతున్నది వీసా కాదన్నా, ఆ తమ్ముడు సచ్చిపోతే వాని పెండ్లాం చేతిల మిగిలే ఇత్తడి గిలాస.

"ప్రమాదమని నీకెట్ల తెలుసు, నువ్వు డాక్టరువా?" అని అడిగిండ్రు. నేను పదకొండేండ్లు ట్యాంకులల్ల దిగిన మనిషిని. మూత పెట్టి ఉన్న ఇనుప ట్యాంకుల తుప్పు పడుతుంటే లోపలి గాలిల ఆక్సిజన్‌ను ఆ తుప్పే తింటది. మామూలు గాలిల 21 శాతం దాకా ఉంటది. 19.5 కంటె తగ్గితే దిగొద్దని ప్రతి ట్రైనింగుల చెప్తరు. బాగా తగ్గితే వాసన రాదు, దగ్గు రాదు, రెండు మూడు ఊపిర్లకు మనిషి కుప్పకూలుతడు. అందుకే ముందు గ్యాస్ టెస్టు, బ్లోయరు, పర్మిట్, మూత కాడ హోల్ వాచ్ మనిషి. ఆ రోజు ఇందుల ఎన్ని ఉన్నయ్ అని ఎవరన్న అడిగిండ్రా? అడగకుండనే సహజం అని ఎట్ల తేలింది? 2025 మేల హ్యూమన్ రైట్స్ వాచ్, ఫెయిర్‌స్క్వేర్ అనే సంస్థలు గూడ ఇదే అన్నయ్, సౌదీల వలస కార్మికుల చావులు సరిగ విచారణ లేకుండ సహజమని రాస్తున్నరని.

అప్పుడు బొంబాయిల గూడ విచారణ చేసి, ఎవరో తాగి పారేసిన సిగరెట్టు వల్ల అంటుకొని ఉంటది అన్నరు. పత్తిని బాంబుల పక్కన ఎక్కిచ్చినోని సంతకం చిన్నదైపోయింది, కూలోని పొగ పెద్దదైపోయింది. ఇయ్యాల సిగరెట్టు గూడ అక్కర లేదు. గుండె అంటే సాలు, తప్పు సచ్చినోని ఒంట్లనే ఉన్నట్టు.

"శవం ఆగుతది" అన్న భయం నాకు అర్థమైతది. ఊరు నుంచి చెల్లె ఏడుస్తుంటే నాకు గూడ సంతకం పెట్టియ్యాలనే అనిపించింది. కానీ వాళ్ళింటికి పోయిన కాగితాలు రెండు. ఒకటి శవం పంపడానికి ఇక్కడి మనిషికి అధికారమిచ్చే కాగితం. రెండోది, కంపెనీ నుంచి మాకు రావాల్సింది ఏమీ లేదు అని. రెండూ ఒకే కవర్ల పెట్టి ఒకటే అన్నట్టు పంపిండ్రు. నేను ఫోన్ల చెల్లెకు చదివి చెప్పిన. మొదటిది పెట్టింది, రెండోది ఆపింది. పెట్టె పోయింది, ఒక్క రోజు గూడ ఆగలే. పరిహారం సంగతి ఇంకా తేలలేదు, తేలుతదని మాట ఇయ్యలేను. కానీ అడగడానికి దారి మిగిలింది. మా ముత్తవ్వకు అదే మిగలలేదు.

కాబట్టి చెప్తున్న. చందాలు వేసుడు, పెట్టెకు దండ వేసి ఫోటో దిగుడు ఒక్కటే సాయం అనుకోకండి. మీ ఇకామా మీద ఏ పని రాసి ఉందో ఇయ్యాలనే చూడండి. కివాల మీ కాంట్రాక్టు ఉందా, గోసిల మీ పేరుందా చూడండి. ఆ కాగితాలు మీ ఫోన్ల ఉంటే లాభం లేదు, ఫోను మీతోనే ట్యాంకుల పడుతది. ఇంటికి పంపండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంల పోతే 10 లక్షలు. గడువు అయిపోయినోళ్ళు ఎంతమంది ఉన్నరో మా క్యాంపుల నేను లెక్క పెట్టిన, చెప్తే సిగ్గు. ఇక్కడ గూడ ప్రమాదం అన్న మాట కాగితం మీద ఉంటేనే పైసలు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌ల చనిపోయినోళ్ళ కుటుంబానికి 5 లక్షలు ఇస్తున్నది. మంచిదే, తీసుకోండి. కానీ అది సర్కారు సాయం, కంపెనీ బాకీ వేరే. ఒకటి వచ్చిందని ఇంకోటి మాఫీ చేయకండి.

ఎవరన్న పనిల పోతే ఆ రోజు పక్కనున్నోళ్ళు చూసింది చూసినట్టు, టైముతోని, రాసి పెట్టండి. నేను రాసిన. పర్మిట్ సంగతి, బ్లోయర్ సంగతి, ఎన్నింటికి దిగిండు, ఎన్నింటికి గుంజిండ్రు, అన్నీ రాసి ఆ చెల్లెకు పంపిన.

పెత్రమాసకు మా ఇంట్ల బియ్యం ఇస్తరు. అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతడు. మా తాత బతికున్నన్ని రోజులు ఆయన తండ్రి పేరు చెప్పంగనే ఆగి, "తిథి తెల్వదు అయ్యగారు" అనేటోడు. ఈసారి ఇంటికి ఫోన్ చేసి తారీఖు చెప్పిన. 1944 ఏప్రిల్ 14. నా కొడుకు బడి కాగితం మీద రాసుకున్నడు. కారణం అన్న కాడ "రాత" అని రాయొద్దు, "పనిల చనిపోయిండు" అని రాయి అన్న.