తప్పంతా పిట్టదేనా?

"పక్షుల వల్ల జబ్బులు వస్తున్నాయి" అనే వార్త కనబడితే చాలు, "అయితే వాటిని రానివ్వకూడదు" అనేవాళ్లు మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఉంటారు. నేను ఒప్పుకోను. ఎందుకో చెప్పడానికి లైమ్ వ్యాధి మంచి ఉదాహరణ. మనలో చాలామంది ఎమ్మెస్‌కి వెళ్లాలనుకునే అమెరికాలో, ముఖ్యంగా ఈశాన్య రాష్ట్రాల్లో, ఇది ఎక్కువ. కాబట్టి మనకి సంబంధం లేని గొడవ కాదు.

1970ల్లో కనెటికట్ రాష్ట్రంలోని లైమ్ అనే ఊళ్లో, ఆ చుట్టుపక్కల చాలామంది పిల్లలకి మోకాళ్లు వాచాయి. ఆ ఊరి పేరే జబ్బుకి వచ్చింది. దానికి కారణం బొరీలియా అనే మెలితిరిగిన బ్యాక్టీరియా. దాన్ని మనుషులకి ఎక్కించేది పిడుదు. మన పశువులకి పట్టే గోమారి ఉంది కదా, దాని చుట్టమే, జాతి వేరు.

పిడుదు పుట్టినప్పుడు అందులో ఈ బ్యాక్టీరియా ఉండదు. అది జీవితం మొత్తంలో మూడు దశల్లో మూడుసార్లు మాత్రమే రక్తం తాగుతుంది. ఒకసారి జబ్బున్న ఎలకని పట్టుకుంటే, తర్వాతిసారి మనకి అంటించగలదు.

పిడుదు ఎగరలేదు, దూకలేదు. ఇక్కడే పక్షి వస్తుంది. నేల మీద మేత ఏరుకునే పిట్టల ముక్కు దగ్గర, కళ్ల చుట్టూ పట్టుకుని కొన్ని రోజులు వదలదు. ఆలోపు పిట్ట వందల కిలోమీటర్లు దాటిపోతుంది. ప్రతి వసంతంలో 5 కోట్ల నుంచి 17.5 కోట్ల పిడుదులు ఇలా కెనడా అంతటా చేరుతున్నాయని 2008లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. పైగా అమెరికన్ రాబిన్ లాంటి పిట్టలు ఉత్త మోతగాళ్లు కూడా కావు. కొన్నాళ్లపాటు తమ ఒంట్లోని బ్యాక్టీరియాని కొత్త పిడుదులకి అంటించగలవు. పక్షుల పాత్ర నిజమే, దాచక్కర్లేదు.

కానీ ఈ పిట్టలు వేల ఏళ్లుగా ఇదే దారిలో ఎగురుతున్నాయి. మరి కెనడాలో 2009లో 144గా ఉన్న కేసులు 2017కి రెండు వేలు ఎందుకు దాటాయి? డౌన్‌లోడ్ అయిన ప్రతి ఫైలూ ఇన్‌స్టాల్ అవ్వదు, దానికి తగ్గ సిస్టం ఉండాలి. రాలిపడిన పిడుదు బతకాలంటే వెచ్చదనం, ఎలకలు, జింకలు కావాలి. దక్షిణ కెనడాని వేడెక్కించింది మనుషులే. అడవిని ముక్కలు చేసి మధ్యలో ఇళ్లు కట్టిందీ మనుషులే. అలాంటి చిన్న ముక్కల్లోనే ఈ బ్యాక్టీరియాకి అసలు నిలయమైన తెల్లకాళ్ల ఎలకలు బాగా పెరుగుతాయి.

అందుకే పక్షిని శత్రువుగా కాదు, ముందస్తు అలర్ట్‌గా చూడాలంటాను. పక్షుల్ని వలలో పట్టి, కాలికి రింగు వేసి వదిలే కేంద్రాల్లో వాటి మీది పిడుదుల్ని కూడా పరీక్షిస్తే, జబ్బు ఎటువైపు వెళ్తోందో డాక్టర్లకి ముందే తెలుస్తుంది. పిట్టల్ని తరిమితే ఎలకలూ పోవు, వేడీ తగ్గదు, ఆ సమాచారం మాత్రం పోతుంది.

అక్కడికి వెళ్లే సీనియర్లకి ఒక మాట. హైకింగ్ నుంచి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టులో చూసుకోండి. పిడుదు కనిపిస్తే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిదానంగా లాగేయండి. సాధారణంగా అది ఒక రోజుకి పైగా పట్టుకుని ఉంటేనే జబ్బు అంటుతుంది. తర్వాత జ్వరం వచ్చినా, చర్మం మీద ఎర్రటి మచ్చ రోజురోజుకీ పెద్దదవుతున్నా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మొదట్లోనే యాంటీబయాటిక్స్ వాడితే ఎక్కువమందికి నయమవుతుంది.